గట్టు దాటితే రేటు వేరు

ఈ వారం కబుర్లలోకి ఒక సీసా తెచ్చాను. కంగారుపడకండి, మూత తీయను. లేబుల్ చదువుకోవడం వరకే. మందు అలవాటు లేనివాళ్లు కూడా నిశ్చింతగా కూర్చోవచ్చు. ఆ మాటకొస్తే ఈ కథలో తాగేవాడికన్నా పన్ను వేసేవాడే ఎక్కువ తూలుతుంటాడు.

ఇంతకీ లేబుల్ మీద ఏముంది? బ్రాండు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, బ్యాచ్ నంబరు, తయారైన ఊరు, ఎమ్మార్పీ, ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక. మూత మీదుగా ఎక్సైజు వాళ్ల హోలోగ్రాం. వీటన్నిటి మధ్యా, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనిపించనంత సన్నటి అక్షరాల్లో, ఫలానా రాష్ట్రంలో అమ్మకానికి మాత్రమేనని ఒక ముక్క. బిస్కెట్ పొట్లం మీద ఈ మాట చూశారా? తలనొప్పి మాత్ర మీద? సబ్బు తెలంగాణ కోదాడలో కొన్నా గట్టు దాటి ఆంధ్ర జగ్గయ్యపేటలో కొన్నా సబ్బే. సీసాకు మాత్రం తను ఏ రాష్ట్రానిదో ఒంటి మీద రాసి ఉండాలి. ఒకే డిస్టిలరీలో, ఒకే ట్యాంకులోంచి పట్టిన విస్కీ అయినా సరే, రెండు రాష్ట్రాల్లో అమ్మాలంటే రెండు లేబుళ్లు అచ్చువేయించుకోవాలి, రెండుచోట్లా రుసుము కట్టి రిజిస్టరు చేయించుకోవాలి.

ఎందుకీ తతంగమంటే, రాజ్యాంగం ఏడో షెడ్యూలు తిరగేయాలి. రాష్ట్రాల జాబితాలో 8వ పద్దు మత్తుపానీయాలది. తయారీ, నిల్వ, రవాణా, కొనడం, అమ్మడం అన్నీ రాష్ట్రాల ఇష్టం. 51వ పద్దు ఎక్సైజు సుంకం, 54వది అమ్మకం పన్ను. అదే రాజ్యాంగం 47వ అధికరణంలో మద్యనిషేధానికి పాటుపడమని ఆ రాష్ట్రాలకే హితవు చెప్పింది. ఒక చేత్తో హుండీ ఇచ్చి, రెండో చేత్తో ఇందులో ఎవరినీ డబ్బులు వేయనివ్వకండి అన్నట్టు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చి దేశమంతా ఒకటే పన్ను అన్నప్పుడు కూడా మందును గుమ్మం బయటే కూర్చోబెట్టారు. మనుషులు తాగే మద్యానికి జీఎస్టీ వర్తించదని ఏకంగా రాజ్యాంగంలోనే రాసేశారు. కాబట్టి గ్లాసులో కలిపే సోడాకు జీఎస్టీ, నంజుకునే మిక్చరుకు జీఎస్టీ, ఆ రెండిటి మధ్యా ఉన్నదానికి రాష్ట్రం వారి పన్ను. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఇంకో అడుగు ముందుకు వేసి, ఫ్యాక్టరీల్లో వాడే ఆల్కహాలు మీద కూడా రాష్ట్రాలకు అధికారం ఉందని 8–1తో తేల్చింది.

కాగితం మీద రాష్ట్రానికి ఇంత పెత్తనం ఉన్న సరుకు ఇంకోటి లేదు. అయినా నేను ఒక మాట అంటాను, మీరు ఒప్పుకోకపోతే తర్వాత పోట్లాడుకుందాం. మన ఊళ్లో క్వార్టర్ రేటు ఎంత ఉండాలో తేల్చేది మన ఎక్సైజు మంత్రి కాదు, పక్క రాష్ట్రం ఎక్సైజు మంత్రి. మనవాడు సంతకం పెడతాడంతే.

2020 మే నెల గుర్తుందా? నలభై రోజుల లాక్‌డౌన్. మే 4న ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు తెరిచారు, 25 శాతం రేటు పెంచి. చాంతాడంత వరసలు. మర్నాడు ఇంకో 50 శాతం వడ్డించారు. మొత్తం 75. జనంచేత తాగుడు మాన్పించడానికేనన్నారు. తెలంగాణలో అప్పటికింకా తాళాలు తీయలేదు. మే 5 రాత్రి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ విలేకరుల ముందు కూర్చుని, చుట్టుపక్కల రాష్ట్రాలన్నీ తెరిచేశాయి, మనం మూసుకు కూర్చుంటే మనవాళ్లు సరిహద్దులు దాటి పోతున్నారు, ఇటు గుడుంబా లేస్తోంది అని లెక్క చెప్పారు. మర్నాడు పొద్దున్నే షట్టర్లు లేచాయి. చౌక రకాల మీద 11 శాతం, మిగతావాటి మీద 16 శాతం పెంపు. ఆ నిర్ణయంలో కరోనా కంటే పొరుగువాడి పాత్రే ఎక్కువని ముఖ్యమంత్రి తన నోటితోనే చెప్పాడు కదా, ఇక నేను కొత్తగా కనిపెట్టిందేముంది!

ఇక చూడండి తమాషా. ఒకవైపు డెబ్బై అయిదు, రెండోవైపు పదహారు. ఈ రెండంకెల మధ్య ఎంత ఎడముందో అన్ని మోటారు సైకిళ్లు రోడ్డెక్కాయి. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు, దాచేపల్లి దగ్గర పొందుగల, కర్నూలు పక్కన పంచలింగాల. ఈ చెక్‌పోస్టుల పేర్లు అంతకుముందు లారీ డ్రైవర్లకు తప్ప ఎవరికి తెలుసు? ఆ రెండేళ్లలో పేపరు చదివే ప్రతివాడికీ కంఠతా వచ్చాయి. ఆంధ్రలో దీనికోసం స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో అని కొత్త విభాగమే పెట్టారు, సెబ్ అని జనం పిలిచేది దాన్నే. కూరగాయల బుట్టల కింద, పాల క్యాన్లలో, సీటు కింద కొత్తగా చేయించిన అరల్లో సీసాలు. ఎక్సైజు భాషలో ఎన్‌డీపీఎల్, అంటే సుంకం కట్టని సరుకు. తెలంగాణలో సుంకం కట్టారు మహాప్రభో అన్నా వినరు, ఇక్కడ కట్టావా లేదా అన్నదే ప్రశ్న. పట్టుకున్న సీసాలను ఏ మైదానంలోనో రోడ్డు మీదో వరసగా పరిచి, అధికారులు గొడుగు నీడన నిలబడి చూస్తుండగా రోడ్డు రోలరు నడిపేవారు. కటకటమని సీసాలు పగిలే చప్పుడు, రోలరు వెనకాల నురగ, ముక్కుపుటాలదిరే వాసన. చూడటానికొచ్చిన జనంలో కొందరి మొహాలు చావింట్లో బంధువుల్లా ఉండేవి.

వ్యవహారం కోర్టుకెక్కింది. బయటి రాష్ట్రం నుంచి మూడు సీసాలదాకా వెంట తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. సరిహద్దు గ్రామాల్లో పండగ. ఆ పండగ రెండు నెలలు కూడా నిలవలేదు. ప్రభుత్వం నిబంధన సవరించి, బయటి సరుకుకు పర్మిట్ ఉండాల్సిందేనని జీవో ఇచ్చింది. చివరకు ఏమైంది? 2021 డిసెంబరులో అదే ప్రభుత్వం పన్ను తగ్గించి రేట్లు దించింది. కారణం ఏమని చెప్పిందనుకున్నారు? అక్రమ రవాణా, నాటుసారా అరికట్టడానికట. చెక్‌పోస్టులు, రోలర్లు చేయలేని పని తెలంగాణ రేట్ల పట్టిక చేసిపెట్టింది.

అన్నట్టు రేటొక్కటే కాదండోయ్. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రలో దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. 4,380 దుకాణాలను 3,500కు కుదించింది. ఆ రోజుల్లో తెలిసిన బ్రాండ్లు అరల్లోంచి మాయమై బూమ్ బూమ్ అనీ ప్రెసిడెంట్ మెడల్ అనీ కొత్త పేర్లు వెలిశాయి. మనవాడు ధర పెరిగితే సణుగుతూ అయినా కొంటాడు. ఇరవై ఏళ్లుగా తాగుతున్న బ్రాండు దొరకదంటే మాత్రం బస్సెక్కుతాడు. మా బంధువుల్లో ఒక పెద్దాయన, డెబ్బై దాటినవాడు, ఎప్పుడూ గడపదాటనివాడు, ఉన్నట్టుండి నెలకోసారి ఖమ్మంలో కంటి డాక్టరుకు చూపించుకోవడం మొదలుపెట్టాడు. కంటి జబ్బు తగ్గలేదు గాని 2024 అక్టోబరులో పాత బ్రాండ్లు తిరిగొచ్చాక డాక్టరు అక్కర్లేకపోయింది.

బ్రాండు ఎందుకు మాయమవుతుంది అని అడగాలి మీరు. రెండు రాష్ట్రాల్లోనూ టోకు వ్యాపారం మొత్తం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌ది. కంపెనీవాడు తన సరుకు నేరుగా వైన్ షాపుకు అమ్మకూడదు. కేసుకు ఇంత అని తయారీ ధర కార్పొరేషన్‌తో ఒప్పందం. దాని మీద సుంకం, వ్యాటు, సెస్సులు, దుకాణదారు కమీషను ఒకదాని మీద ఒకటి ఎక్కితే అప్పుడు ఎమ్మార్పీ. ఈ తయారీ ధర పెంచాలంటే ప్రభుత్వం తలూపాలి. ఊపకపోతే? 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ అదే అడిగింది. 2019–20 తర్వాత మాకు ధర పెంచలేదు, పాత బాకీలూ ఇవ్వలేదని తెలంగాణకు బీరు ఆపేసింది. ధర సంగతి చూస్తామని ప్రభుత్వం మాటిచ్చాక ఆ నెలలోనే బీరొచ్చింది, ఎండలు ముదరకముందే ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. కొనేవాడు ఒక్కడే ఉన్న సంతలో బేరం ఇట్లాగే జరుగుతుంది.

ఇదంతా రాష్ట్ర విభజన తర్వాత వచ్చిన జబ్బు అనుకునేరు. కాదు. మన తెలుగువాళ్లకు మందు విషయంలో రెండు చట్టాల కాపురం పాతదే. 1937లో మద్రాసు ప్రధానిగా రాజాజీ సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటేడు దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రమంతా నిషేధం. అటు నిజాం రాజ్యంలో ఆబ్కారీ ఆదాయం ఖజానాకు ఆయువుపట్టు. 1953లో ఆంధ్ర రాష్ట్రం పుడుతూనే మద్రాసు వారి నిషేధ చట్టాన్ని వారసత్వంగా తెచ్చుకుంది. డబ్బు చూస్తే లేదు. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ సిఫారసు చేస్తే టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ గొడవమీదే 1954 నవంబరులో అవిశ్వాసం పెట్టారు. ఒక్క ఓటు తేడాతో పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకికి గుండె చూపించిన మనిషి, చివరికి సారా దగ్గర గద్దె దిగాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ తుపాకి కథ ఉంటుంది, ఈ సారా కథ ఉండదు.

ఆ మరుసటేడే రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదిక వచ్చింది. తెలంగాణలో తలసరి ప్రభుత్వ రాబడి ఆంధ్రకంటే ఎందుకు ఎక్కువగా ఉందంటే, అక్కడి శిస్తు రేట్లు, దానికి తోడు ఏటా అయిదు కోట్ల రూపాయల మేర ఎక్సైజు రాబడి అని తేల్చారు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో నీళ్లు, ఉద్యోగాల సరసన మద్యనిషేధానికీ ఒక అంశం కేటాయించారు. తెలంగాణలో నిషేధాన్ని ఎట్లా అమలు చేయాలన్నది తెలంగాణ శాసనసభ్యులే తేల్చుకుంటారని. అంటే రాష్ట్రం ఒకటే, ముఖ్యమంత్రి ఒకడే, కానీ అరవయ్యో దశకం చివరిదాకా కృష్ణకు ఈ ఒడ్డున తాగితే నేరం, ఆ ఒడ్డున తాగితే ఆదాయం.

తర్వాతి కథ మీకు తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. ఎన్టీఆర్ మొదటి హయాంలో వారుణి వాహిని పేరిట సర్కారు సారా పాకెట్లలో పల్లెపల్లెకూ పారింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించారు. 1993 అక్టోబరు 1న సారా ఆగింది. మరుసటేడు డిసెంబరులో మళ్లీ గెలిచిన ఎన్టీఆర్, 1995 జనవరి 16 నుంచి మొత్తం మందే ఆపేశాడు. 1997లో చంద్రబాబు సడలించాడు. ఆ రెండేళ్ల నిషేధం ఎందుకు నిలవలేదు అని పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు గాని, నాకు తోచేది ఒక్కటే. అప్పటి ఉమ్మడి రాష్ట్రపు పటం తీసుకుని అంచు వెంబడి వేలు పోనివ్వండి. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఒడిశా. అంచంతా దుకాణాలే. మహారాష్ట్రలో ఒకటి రెండు జిల్లాలు మినహా ఎక్కడా నిషేధం లేదు. పటం అంచుల్లోనే కాదు, కడుపులో కూడా ఒక దుకాణం ఉంది, దాని పేరు యానాం.

యానాం దగ్గర కాసేపు ఆగుదాం. ఆగితీరాలి. ముప్పై చదరపు కిలోమీటర్ల నేల. పాలన ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరి నుంచి. చుట్టూ ఆంధ్రా, పక్కన గౌతమి. కాకినాడలో అమలాపురం బస్సెక్కితే మధ్యలో యానాం మీదుగానే పోవాలి, అది దాటి ఎదుర్లంక వంతెన ఎక్కితే మళ్లీ ఆంధ్రా. టిక్కెట్టు మారదు, కండక్టరు మారడు, భాష మారదు. రోడ్డు పక్క బోర్డులు మాత్రం మారతాయి. బట్టల కొట్టు, మందుల కొట్టు, మందు కొట్టు, మందు కొట్టు, పెట్రోలు బంకు, మందు కొట్టు. పెట్రోలు కూడా చవకే కాబట్టి ట్యాంకూ గొంతూ ఒకే చోట తడుపుకోవచ్చు. తాగడానికి వయసు ఆంధ్రలో, తెలంగాణలో ఇరవై ఒకటి నిండాలి, పుదుచ్చేరిలో పద్దెనిమిది చాలు. చుట్టుపక్కల ఇంజినీరింగు కాలేజీల కుర్రాళ్లకు ఈ అంకె సిలబస్‌లో లేకుండానే వచ్చు.

యానాంకు ఈ వ్యాపారం కొత్త కాదు. ఫ్రెంచివాళ్ల రోజుల్లో అక్కడి మంగళవారం సంతకు చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్లనుంచి జనం విదేశీ సరుకు కోసం బారులు కట్టేవారు. 1930లో బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం అమల్లోకి వచ్చింది కదా, అది బ్రిటిషు ఇండియాకే. యానాం ఫ్రెంచి నేల. పిల్ల చిన్నదని ఇక్కడ భయపడ్డవాళ్లు పెళ్లివారిని వెంటేసుకుని అక్కడికి పోయి మూడు ముళ్లూ వేయించుకొచ్చేవారు. ఊరికి కళ్యాణపురం అని పేరే పడింది. చట్టానికీ చట్టానికీ మధ్య ఉన్న సందులో కాపురం చేయడం ఆ ఊరికి తాతలనాటి విద్య. అప్పుడు పెళ్లిళ్లు, ఇప్పుడు పెళ్లిళ్లలోకి కావలసిన కేసులు.

పుదుచ్చేరివాళ్లకు మాత్రం ఈ లెక్క తెలియదా? 2020లో కరోనా పన్ను పేరిట అక్కడా ధరలు పొరుగు రాష్ట్రాల స్థాయికి లాగారు. పొరుగునుంచి జనం ఎగబడి రోగం మోసుకొస్తారని భయం. 2021 ఏప్రిల్‌లో ఆ పన్ను ఎత్తేశారు. ఎత్తేయక ఏం చేస్తారు? అటు తమిళనాడు రేటుకే, ఇటు ఆంధ్రా రేటుకే అమ్మితే పుదుచ్చేరి దాకా, యానాం దాకా ఎవరొస్తారు? చిన్న రాష్ట్రానికి తక్కువ పన్నే పెద్ద ఆదాయం. గోవా లెక్కా ఇదే.

ఇక రాయలసీమ వైపు. పటంలో పావగడ తాలూకా ఎక్కడుందో చూడండి. పేరుకు కర్ణాటక, తుమకూరు జిల్లా. మూడు వైపులకు పైగా మన అనంతపురం సీమ చుట్టుకుని ఉంటుంది. ఇళ్లలో తెలుగు, పంచాయతీ బోర్డు మీద కన్నడం. కర్ణాటక 2007 జూలైలో సారా ఆపాక చౌక విస్కీ, బ్రాందీ చిన్న చిన్న టెట్రా పాకెట్లలో అమ్మడం జోరందుకుంది. తొంభై మిల్లీలీటర్ల పాకెట్టు. పగలదు, గలగలమనదు, జేబులో పెట్టుకుంటే ఎత్తుగా కనిపించదు. స్మగ్లింగు చేసేవాడు తనే కూర్చుని డిజైను చేసుకున్నా ఇంతకంటే బాగా కుదరదు. మడకశిర వైపు ఒక పెళ్లిలో చెవిన పడ్డ మాట చెబుతాను.

“ఏం బావా, సంచి బరువుగుందే?”

“పాలప్పా, పాలు. క్యానులో పోస్తే ఒలుకుతాయని పాకెట్లలో తెచ్చినా.”

“ఆవు పాలా, బర్రె పాలా?”

“గవుర్మెంటు పాలు. ఆ గవుర్మెంటువి.”

కర్ణాటకలో ఇంకో విడ్డూరం ఉంది. అక్కడ 1992 తర్వాత కొత్త మద్యం లైసెన్సులు దాదాపు ఇవ్వలేదు. కాబట్టి ఉన్న లైసెన్సు పొలంలాగా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, కోట్లు పెడితే చేతులు మారుతుంది. మన దగ్గర రెండేళ్లకోసారి లాటరీ. తమిళనాడులో అసలు ప్రైవేటు దుకాణమే లేదు, 2003 నుంచి చిల్లరగా అమ్మేది కూడా సర్కారువారి టాస్మాకే. నీలగిరుల్లో మొదలుపెట్టి అక్కడ సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగిస్తే వెనక్కిస్తున్నారు. అడవిలో గాజుపెంకులు తొక్కి ఏనుగుల కాళ్లు తెగుతున్నాయని కోర్టు కోప్పడ్డాక వచ్చిన ఏర్పాటు. పక్క రాష్ట్రం నుంచి అరువు తెచ్చుకోదగ్గది ఒకటుంటే ఇదే, కానీ అరువుకు అందరికీ రేట్లే కావాలి.

ఉత్తరాన ఇంకో తీరు. కాళేశ్వరంలో దణ్ణం పెట్టుకుని గోదావరి వంతెన దాటితే సిరోంచ. అక్కడా తెలుగు వినిపిస్తుంది. కానీ జిల్లా గడ్చిరోలి, 1993 నుంచి మద్యనిషేధం. నదికి ఈ ఒడ్డున తెలంగాణ వైన్ షాపుల బోర్డులు. సిరోంచవాడికి దాహమేస్తే ఎటు చూస్తాడో చెప్పనక్కర్లేదు. పక్కన చంద్రపూర్ జిల్లాలో 2015లో నిషేధం పెట్టి, 2021లో ఎత్తేశారు. ఆ ఆరేళ్లూ ఆదిలాబాదు, ఆసిఫాబాదు సరిహద్దు దుకాణాలవాళ్లు మహారాష్ట్ర ప్రభుత్వం చల్లగా ఉండాలని కోరుకుని ఉంటారు. మిగతా మహారాష్ట్రలో చాలాచోట్ల మందు బాహాటంగా దొరుకుతుంది గాని, చట్టం ప్రకారం తాగడానికి పర్మిట్ ఉండాలి, విస్కీ తాగాలంటే పాతికేళ్లు నిండాలి. యానాంలో పద్దెనిమిదేళ్లకే పెద్దవాడయిన కుర్రాడు నాగపూర్‌లో ఇంకో ఏడేళ్లు చిన్నపిల్లాడే.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది భద్రాచలం. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిపినప్పుడు రాముడి గుడి, ఊరు తెలంగాణకు ఉండిపోయాయి, పక్కనే ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం లాంటి పల్లెలు ఆంధ్రకు పోయాయి. భద్రాచలంలో దర్శనం చేసుకుని పర్ణశాలకు బయల్దేరిన భక్తుడు తెలంగాణలో బండెక్కి, ఆంధ్రలోంచి పోయి, మళ్లీ తెలంగాణలో దిగుతాడు. దుమ్ముగూడెం వైపు ఇల్లున్నవాడు భద్రాచలంలో, అంటే తన రాష్ట్రంలోనే, న్యాయంగా సుంకం కట్టిన సీసా కొని, తన రాష్ట్రంలోనే ఉన్న ఇంటికి తీసుకుపోతూ మధ్యలో కొన్ని కిలోమీటర్లపాటు ఎన్‌డీపీఎల్ రవాణాదారు అవుతాడు. పర్ణశాల దారిలో ఇంకే సరుకుకూ ఈ అగ్నిపరీక్ష లేదు.

అమెరికా నుంచి సెలవులకొచ్చిన పిల్లలు ఇదంతా విని నవ్వుతారు. నవ్వనివ్వండి. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లను ఆదివారం మధ్యాహ్నం విస్కీ కొనుక్కురమ్మనండి చూద్దాం. టెక్సస్‌లో ఆదివారం ఆ దుకాణాలు మూత. బీరూ వైనూ మాత్రం పొద్దున పది దాటాక సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. న్యూహాంప్‌షైర్‌లో అమ్మకం పన్నే లేదు. ఆ రాష్ట్రం తనే పెద్ద పెద్ద మందు కొట్లు హైవే పక్కనే కట్టి, బోస్టన్ వైపునుంచి వచ్చే కార్లకు పార్కింగ్ చూపిస్తుంది. 1933లో మద్యనిషేధం ఎత్తేసేటప్పుడు వాళ్ల రాజ్యాంగమూ ఈ తలనొప్పి రాష్ట్రాలకే అప్పజెప్పింది. ఆ పిల్లలే వచ్చేటప్పుడు శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో తలకు రెండు లీటర్లు పట్టుకుని, ఏ రాష్ట్రపు హోలోగ్రామూ లేని ఆ సీసాలతో గుంటూరు కారెక్కుతారు. రసీదు పారేయకండర్రా అని మాత్రం చెప్పండి.

ఇంతకీ ఇప్పుడు నీళ్లు ఎటు పల్లమంటారా? 2024 అక్టోబరులో ఆంధ్ర మళ్లీ ప్రైవేటుకు మళ్లింది. 3,396 దుకాణాలు, దరఖాస్తుకు రెండు లక్షలు, లాటరీలో రాకపోయినా తిరిగివ్వరు. 89,882 దరఖాస్తులు పడ్డాయి. అంటే దుకాణాలు తెరవకముందే, ఒక్క సీసా అమ్మకముందే దాదాపు 1,800 కోట్లు. తెలంగాణ ఈ విద్యలో ముందే ఆరితేరింది. 2023లో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేల పైచిలుకు దరఖాస్తులు తీసుకుంది, 2025కు వచ్చేసరికి రుసుము మూడు లక్షలు చేసింది. దరఖాస్తుదారుల్లో ఎంతమంది ఎప్పుడూ చుక్క ముట్టనివాళ్లో, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఆ రెండు లక్షల సంగతి తెలిసి ఏమన్నారో అది వేరే కబురు.

ఆంధ్ర కొత్త విధానంలో 99 రూపాయల క్వార్టర్ పెట్టింది. తెలంగాణలో బీరు, తర్వాత మందు పెరిగాయి. 2020లో కోదాడ వైపు పోయిన బళ్లు ఇప్పుడు జగ్గయ్యపేట వైపు చూస్తున్నాయి. ఇది ముందే పసిగట్టింది ఎవరో తెలుసా? ఆర్థికవేత్తలు కాదు. లాటరీకి డబ్బులు కట్టినవాళ్లు. రాష్ట్రమంతా సగటున దుకాణానికి పాతిక పైచిలుకు దరఖాస్తులు పడితే, ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణను ఆనుకుని ఉన్న వత్సవాయి లాంటి మారుమూల మండలంలో ఒక్కోదానికి వందకు పైగా పడ్డాయి. ఆ మండలంలో అంతమంది తాగుబోతులున్నారని కాదు కదా.

ఆంధ్ర లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు ఆఖరు. తెలంగాణవి 2027 నవంబరు ఆఖరు. ఇద్దరి క్యాలెండర్లూ కలవవు. ఒకరు రేట్లు మార్చేసరికి రెండోవారికి ఇంకా ఏడాదికి అటూ ఇటుగా గడువుంటుంది, తీరిగ్గా చూసి తమ రేటు సవరించుకోవచ్చు. సరిహద్దు మీద దుకాణం పెట్టినవాడికే ఆ తీరిక లేదు. పొద్దున్నే షట్టరెత్తి, దేవుడి పటానికి అగరొత్తి చూపించి, పేపరు తెరిచి, తన జిల్లా పేజీ వదిలేసి అవతలి జిల్లా పేజీ చదువుతాడు.